కంప్యూటరులో మాట వచ్చి బొమ్మ రానప్పుడు

(సంఘ కార్యదర్శుల, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో జరిగిన సంగతి ముందు చెబుతాను. ఆ సాయంత్రం పొదుగువాపు వ్యాధిపై సభ్యులకు ఒక ఫిల్ము చూపాలని ఏర్పాటు చేశారు. పాలు పోసిన ఆడవాళ్ళు ముప్పై మంది దాకా ఇంటిపని ఆపుకొని కూర్చున్నారు. మాట వినిపిస్తోంది, బొమ్మ మాత్రం లేదు. కార్యదర్శిగారి మేనల్లుడు ఇంటర్నెట్టులో వెతికి, ఎవరిదో తెలియని 'కోడెక్ ప్యాక్' ఒకటి దించి కంప్యూటరులో వేశాడు. బొమ్మ రాలేదు సరికదా, మరునాడు పాల లెక్కల ఫైలు తెరుచుకోలేదు! ఆ పదిరోజుల బిల్లును సభ్యుల పాలపుస్తకాలు చూసి చేత్తో రాయవలసి వచ్చింది. పుస్తకంలో రాయించుకోని ఇద్దరి పాలకు రుజువే లేకపోయింది.

కుర్రవాడిని తప్పు పట్టను. పాల బిల్లులున్న కంప్యూటరులో అటువంటి ప్రయోగం చేయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

తప్పు ఫిల్ములో ఉందా, ప్లేయరులో ఉందా? ముందు అది తేల్చుకోవాలి. క్యానులో పాలు విరిగితే క్యానును తిట్టం, ఎవరి పాలో నమూనా తీసి చూస్తాం. అలాగే బాగా ఆడుతుందని తెలిసిన మరొక ఫిల్మును వేసి చూడండి. అది ఆడితే ప్లేయరు బాగున్నట్టే. పెన్‌డ్రైవు నుంచి ఫిల్ము ఆగి ఆగి నడుస్తుంటే, దాన్ని కంప్యూటరులోకి నకలు చేసుకొని ఆడించండి.

మాట వచ్చి బొమ్మ రాకపోవడానికి తరచు కారణం ఫిల్మును కుదించిన పద్ధతి. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. ఇప్పటి ఫోన్లలో కొన్ని, స్థలం ఆదా కోసం, హెచ్.ఇ.వి.సి. అనే పద్ధతిలో తీస్తాయి. దాన్ని విప్పే సాధనం చాలా కంప్యూటర్లలో ఉండదు. మైక్రోసాఫ్టువారి సొంత స్టోరులో అది స్వల్ప రుసుముకు దొరుకుతుంది. అంతకన్నా తేలిక, పంపినవారినే హెచ్.264 పద్ధతిలో ఎం.పి.4 ఫైలుగా మళ్ళీ పంపమనడం. వి.ఎల్.సి. అనే ఉచిత ప్లేయరు కూడా వీటిని ఆడిస్తుంది. అయితే దాన్ని తయారుచేసే వీడియోల్యాన్ వారి వెబ్‌సైటు నుంచే తెచ్చుకోవాలి.

బొమ్మ ఉండి మాట లేకపోతే మ్యూట్ చూడండి, స్పీకరు తీగ చూడండి. టీవీకి కలిపినప్పుడు మాట టీవీకి పోతుంది, మనం స్పీకరు దగ్గర చెవిపెట్టి కూర్చుంటాం!

పాత శిక్షణ డి.వి.డి.లు దాచుకున్న సంఘాలకు ఒక మాట. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, విడిగా సాధనం వేయనిదే డి.వి.డి. సినిమా ఆడదు. డిస్కు పాడైందని పారవేయవద్దు.

విండోస్ 11లో ప్లేయర్లు రెండు: ఒకటి మీడియా ప్లేయర్, రెండవది పాతదైన విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ. ఒకటి మొరాయిస్తే రెండవదానిలో వేయండి. పాతది అసలు తెరుచుకోకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, మీడియా ఫీచర్స్ కింద దాని గుర్తు తీసి, కంప్యూటరును ఆపి మళ్ళీ పెట్టి, తిరిగి గుర్తు పెట్టండి. ఈ పనికి ముందు పాల లెక్కల నకలు వేరే పెన్‌డ్రైవులోకి తీసి, దాన్ని కంప్యూటరు నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక అది ఉన్న సంఘాలు మరీ జాగ్రత్తపడాలి.

ఆ సంఘంలో తరువాతి వారం ఎం.పి.4 ఫైలు తెప్పించి ఫిల్ము చూపించారు. ఈసారి వచ్చినవారు పదకొండు మందే.