నీళ్లు తేటగుంటే సరిపోదు: కాళ్ల కింది నీళ్ల ముచ్చట

(ఖతార్ రాజధాని దోహా, అల్ ముంతజాల తెలంగాణ మిత్రుల సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)

 జై తెలంగాణ!

వారానికి ఒక్కనాడు దొరికే సెలవును పక్కనబెట్టి ఇంతమంది వచ్చిన్రు, సంతోషం. నేను లీడర్‌ను కాదు. మునుగోడు దిక్కు మనిషిని. ఇక్కడ ఒక ల్యాబుల నీళ్ల పరీక్షలు చేసుడు నా పని. అందుకే పెద్దలు నన్ను నీళ్ల గురించి మాట్లాడమన్నరు.

మనం మూడు మాటలు పట్టుకుని కొట్లాడినం: నీళ్లు, నిధులు, నియామకాలు. అండ్ల మొదటిది నీళ్లు. ఆ మాట వినంగనే మనకు కృష్ణా, గోదావరి, ప్రాజెక్టులు, టీఎంసీలు యాదికొస్తయి. కాళ్ల కింద ఉన్న నీళ్లు యాదికి రావు. కానీ నల్గొండ జిల్లాల మనుషుల నడుములు వంచింది ఆ కాళ్ల కింది నీళ్లే.

ముందుగాల ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తయో చూద్దాం. భూమి లోపల నది పారుతదని చాలమంది అనుకుంటరు. మన దిక్కు అట్ల ఉండదు. తెలంగాణల చాల భాగం గ్రానైటు జాతి గట్టి రాయి. పైన చివికిపోయిన మొరం పొరల, కింద రాయి పగుళ్లల్ల మాత్రమే నీళ్లు నిలుస్తయి. వాటికి అసలు మూలం వాన. పడిన వానల కొంత వాగుల పారిపోతది, ఎక్కువ భాగం ఎండకు ఆవిరైతది, మిగిలిన కొద్దిపాటి నేలల ఇంకుతది. చెరువులు, కుంటలు కట్టి మన పెద్దలు పెంచింది ఆ కొద్దిపాటినే.

ఈ సంగతి ఇక్కడి అరబ్బులకు కూడా ఎరుకే. ఈ అల్ ముంతజాల మనం రోజూ చూసే రౌదత్ అల్ ఖైల్ పార్కు పేరే తీసుకోండి. రౌదత్ అంటే వాన పడ్డప్పుడు చుట్టుపక్కల నీళ్లన్నీ చేరి, ఇంకి, పచ్చగా మొలకెత్తే పల్లపు జాగ. ఏడాదికి సుమారు 80 మిల్లీమీటర్ల వాన పడే దేశంల భూమి లోపలికి నీళ్లు దిగేది ఎక్కువగా అసొంటి పల్లాలల్లనే. మన కుంటకు అరబ్బు చుట్టం అనుకోండి. కానీ ఇంకినదానికంటె ఎక్కువ తోడుడుతోటి ఈ నేల కింద ఉప్పు పెరిగింది, సముద్రపు నీళ్లు లోపలికి జొచ్చినయి. ఇయ్యాల దోహా నల్లాల వచ్చేది సముద్రపు నీళ్లల్ల ఉప్పు తీసి పంపిన నీళ్లు. ఈ దేశానికి గ్యాసు ఉన్నది, ఆ ఖర్చు భరిస్తది. మన మర్రిగూడకు సముద్రమూ లేదు, గ్యాసూ లేదు.

భూమి లోపలి నీళ్లు ఖరాబయ్యేది ముఖ్యంగా మూడు తీర్ల: రాయితోటి, ఫ్యాక్టరీతోటి, మన చేతులతోటి.

రాయి సంగతి ముందు చెప్త. మన గ్రానైటుల ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటయి. నీళ్లు రాయి సందులల్ల ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతది. క్యాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లల్ల ఇంకింత కరుగుతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, మన భారత ప్రమాణాల హద్దు కూడా అదే. దాటితే పిల్లల పండ్ల మీద గారలు పడతయి. ఏండ్ల తరబడి బాగా ఎక్కువున్న నీళ్లు తాగితే ఎముకలల్ల చేరి కీళ్లు బిగుసుకుంటయి, వెన్ను వంగుతది. వంగిన ఎముకను మళ్ల సక్కగ చేసే మందు లేదు.

అన్నిటికంటె పెద్ద మోసం ఏందంటే, ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు కండ్లకు తేటగనే ఉంటయి. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతది.

ఇది ఎన్నడో తెలిసిన జబ్బు. 1937లనే అప్పటి నెల్లూరు జిల్లాల ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు గుర్తించి రాసిన్రు. ఇప్పటి కనిగిరి, దర్శి, పొదిలి దిక్కు ఊర్లు అవి. అంటే ఆంధ్ర పల్లె కూడా ఈ గోస పడ్డది, రాయికి ప్రాంతం తెల్వదు. 1970లల్ల నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచంల వేరే దేశాల పుస్తకాలల్ల కూడా మన జిల్లా పేరు ఉన్నది. పేరు అక్కడిదాకా పోయింది గని, మంచినీళ్లు మర్రిగూడదాకా రాలేదు. పటిక మోతాదు రోజూ సరిచూసి, అడుగున మిగిలిన మడ్డి తీసే మనిషి లేకపోతే ఆ పద్ధతి నడువదు. అసలు మందు వేరే నీళ్లు తెచ్చుడే.

ఆ వేరే నీళ్లు ఎంత దూరంల ఉండె? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది ఈ జిల్లా అంచులనే. కృష్ణమ్మ పక్కనుంచి పోతుంటే ఎత్తు మీద ఉన్న ఊర్లు బోరు నీళ్లు తాగినయి. రాయి చేసింది సగం పాపం, మిగిలిన సగం పాలన చేసింది. మనం రాష్ట్రం అడిగింది ఆ రెండో సగం కోసం.

జల సాధన సమితి తరఫున దుశర్ల సత్యనారాయణ నడిపిన కొట్లాట మీకు యాదికుండాలె. 1996 పార్లమెంటు ఎన్నికలల్ల నల్గొండ నుంచి 480 మంది పోటీల నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది. దేశం నల్గొండ దిక్కు తిరిగి చూసింది. ఆ తర్వాత కేంద్రం ఏం చేసింది? డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచింది. శివన్నగూడెం అంశల స్వామి తన వంగిన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టి ఏండ్లకేండ్లు అడిగిండు. 2023 జనవరిల కన్నుమూసిండు.

రాష్ట్రం వచ్చినంక 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మిషన్ భగీరథ మొదలైంది. నది నీళ్లు పైపుల ఇంటికొచ్చినయి. 2020 నాటికి కేంద్ర ప్రభుత్వ లెక్కలల్ల మన రాష్ట్రంల ఫ్లోరైడ్ నీళ్ల ఆవాసాల సంఖ్య సున్నాకు వచ్చింది. ఇది ఉద్యమం గెలిచిన గెలుపు, ఏ పార్టీల ఉన్నా ఒప్పుకోవాలె.

కానీ మారింది పైపు, రాయి మారలేదు. నల్లా నాలుగు రోజులు బందైతే మళ్ల బోరు స్టార్టరే నొక్కుతరు. ఎత్తు ఊర్లకు శ్రీశైలం నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న అది కూలి 8 మంది చిక్కుకున్నరు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి బతకచ్చినోళ్లు వాళ్లు. మన లెక్కనే వలసపోయినోళ్లు మన నీళ్ల కోసం పానం పెట్టిన్రు. అది మరువొద్దు.

ఇగ రెండోది ఫ్యాక్టరీ. పటాన్‌చెరు సంగతి తెలువనిదెవ్వరికి? నక్కవాగుల కలిసిన రసాయనాలు బావులల్లకు దిగినయి. 1990ల ఆ కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నదని రాసిన్రు. తర్వాత 2009ల చుట్టుపక్కల ఊర్ల బావులల్ల కూడా మందుల ఆనవాళ్లు దొరికినయని చెప్పిన్రు. శుద్ధి చేసినంక ఇది పరిస్థితి.

మూడోది మనం. పొలాలల్ల మోతాదు దాటిన యూరియా, బోరు పక్కనే తవ్విన సెప్టిక్ గుంత. వాటితోటి నైట్రేట్ లోపలికి దిగుతది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పాల పిల్లల రక్తానికి ముప్పు.

ఇక్కడ ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కోళ్లు. ఫ్లోరైడ్ నల్గొండ ముచ్చట కదా అనుకోవద్దు. గ్రానైటు ఉన్న చాల జిల్లాలల్ల అక్కడక్కడ ఫ్లోరైడ్ బావులున్నయి. పక్కపక్క బోర్లల్లనే ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉండొచ్చు. పరీక్ష చేస్తెనే తెలుస్తది.

మనం ఇక్కడ ఎండల మాడి పంపిన పైసలు ఊర్లె చాలవరకు బోర్లల్లనే పోతున్నయి. ఒకటి ఎండితే ఇంకొకటి, ఇంకా లోతుకు. చాలచోట్ల లోతుకు పోయిన కొద్దీ రాయిల ఎక్కువకాలం నానిన నీళ్లే వస్తయి. అందుకే మూడు పనులు అడుగుతున్న. ఒకటి, ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు తాగేది ఏ నీళ్లు, అన్నం వండేది ఏ నీళ్లు అని అడుగుండ్రి. తాగుడుకు నల్లా నీళ్లు, వంటకు బోరు నీళ్లు అయితే ఫ్లోరైడ్ అన్నంల నుంచి లోపలికి పోతనే ఉంటది. రెండు, బోరు నీళ్లను ఒక సీసాల పట్టి సర్కారు నీటి పరీక్షల ల్యాబుకు పంపమనుండ్రి. మూడు, ఇంకో బోరుకు పైసలు పంపేముందు ఊరి కుంట మత్తడి ఎట్లున్నదో అడుగుండ్రి. కుంటల నీళ్లు నిలిచి ఇంకితే లోపలి నీళ్లు పెరుగుతయి, విషం పలచబడతది.

రాష్ట్రం తెచ్చుకున్నం. నీళ్లు ఎన్ని టీఎంసీలు అని అడుగుడు నేర్చుకున్నం. ఇగ నుంచి ఎసొంటి నీళ్లు అని కూడా అడగాలె. సర్కారు ఎవరిదైనా సరే, సర్పంచి నుంచి ముఖ్యమంత్రి దాక పరీక్ష కాగితం చూపెట్టమని అడిగే హక్కు మనకున్నది.

జై తెలంగాణ!