ముడి లెక్కలో ఉండాలి, భాషలో కాదు

(సిరొంచ ప్రాంత తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగపాఠం)



"మావాడికి చదువు మీద ధ్యాస లేదు" అనే మాట మన సరిహద్దు ఊళ్ళలో తరచుగా వినబడుతుంది. అదే పిల్లవాడు పులిమేక ఆటలో కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవడు. పొడుపుకథ విప్పేదాకా అమ్మమ్మను నిద్రపోనివ్వడు. కష్టమైన పనిని ఇష్టంగా చేసే గుణం అతనిలో పుష్కలంగా ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. బడి గడప దాటగానే ఆ ఇష్టం ఏమవుతున్నది? ఈనాడు మన ముందున్న ప్రశ్న ఇదే.

విద్యార్థి ఎదుర్కొనే కష్టాలు రెండు రకాలు. ప్రశ్న అర్థమై, జవాబు కోసం తడుముకోవడం ఒకటి. అసలు ప్రశ్నే అర్థం కాకపోవడం రెండవది. మొదటి కష్టం చివర ఆనందం ఉంటుంది. రెండవదాని చివర అవమానమే మిగులుతుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ నేలలో, కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న ఈ తాలూకాలో, ఇంట తెలుగు పలికే బిడ్డ బడిలో మరాఠీ పుస్తకం తెరుస్తాడు. అతడు ఓడిపోయేది చాలాసార్లు లెక్కలో కాదు, లెక్కను చెప్పిన వాక్యంలో. దాన్ని మనం తెలివి తక్కువతనమని పొరబడుతున్నాం.

ఒక్క ఉదాహరణ చూడండి. తెలుగులో ఇరవై తరువాత ఒకటి చేరిస్తే ఇరవై ఒకటి. మరాఠీలో ఒకటి ముందు, ఇరవై వెనుక: ఏకవీస్. ఇరవై తొమ్మిదిని మరాఠీ 'ముప్పైకి ఒకటి తక్కువ' అనే అర్థంలో ఏకోణతీస్ అంటుంది. విన్న వరుసలో అంకెలు వేసే తెలుగు బిడ్డ 21 బదులు 12 రాస్తే ఆశ్చర్యమేమున్నది? ఈ చిక్కు మనవాళ్ళకే కాదు, మరాఠీ పిల్లలకూ ఉన్నది. అందుకే 2019లో మహారాష్ట్ర బాలభారతి రెండవ తరగతి గణిత పుస్తకంలో 'వీస్ ఏక్' అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని మీద రాష్ట్రమంతటా పెద్ద వివాదం చెలరేగింది. గణిత విదుషీమణి మంగళా నార్లీకర్ పిల్లల సౌలభ్యం దృష్ట్యా ఆ మార్పును సమర్థించారు.

అయితే ఈ చిక్కునే చక్కని సవాలుగా మార్చవచ్చు. పిల్లలను కూర్చోబెట్టి తెలుగులో ఇలా అడగండి: "మరాఠీలో 'ఒకటి తక్కువ' అని చెప్పే సంఖ్యలు నూటిలోపు ఎన్ని ఉన్నాయి?" వాళ్ళు 19, 29, 39 అంటూ 89 దాకా ఎనిమిది పోగుచేస్తారు. తొంభై తొమ్మిది కూడా అంతేనని ధీమాగా చెప్పబోతారు. అక్కడ నియమం తప్పుతుంది. అది 'నూటికి ఒకటి తక్కువ' కాదు, నవ్వ్యాణ్ణవ్. ఆ తప్పిన చోటును తామే పట్టుకున్న పిల్లల ముఖాలు చూడండి. ఒకే దెబ్బకు లెక్క వచ్చింది, మరాఠీ వచ్చింది, తెలుగు తోడు నిలిచింది. రెండు భాషలున్న ఇంటి బిడ్డకే దక్కే ఆట ఇది.

సవాలును పుస్తకంలోనే వెతకనక్కరలేదు. మన సిరొంచ ప్రాంతపు రాళ్ళలోనే బారాపాసారస్ అనే ప్రాచీన రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. 1975లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. ఆ పేరుకు పెద్ద కాళ్ళది అని అర్థం. పేరులోని రెండవ భాగం రవీంద్రనాథ్ టాగోర్ స్మారకం. దాని అస్థిపంజరం కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉన్నది. ఒక తొడ ఎముకే సుమారు 1.7 మీటర్లు. "మన తొడ ఎముకకు మనం ఎన్ని రెట్లు పొడవు? మేక ఎన్ని రెట్లు? ఆ లెక్క ఈ జంతువుకు పనికివస్తుందా?" అని అడగండి. దారం తీసుకుని కొలవనివ్వండి. మనిషి లెక్క మేకకే సరిపోదని తేలినప్పుడు అసలు ఆలోచన మొదలవుతుంది.

సవాలు ఎంత ఉండాలి? రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ దీనికి ఒక కొలత చెప్పాడు. బిడ్డ ఒంటరిగా చేయగలిగినదానికీ, పెద్దల చేయూతతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న జాగాలోనే చదువు సాగుతుంది. ఆ చేయూత మాటల ద్వారానే అందుతుంది. బిడ్డకు అర్థంకాని మాటలతో చేయూత ఎలా ఇవ్వగలం?

ఈ సత్యాన్ని మన గిడుగు రామమూర్తి (1863–1940) ఆచరణలో చూపించారు. పర్లాకిమిడి కూడా సరిహద్దు ఊరే. సవర పిల్లలకు చదువు చెప్పదలచి ఆయన ముందుగా తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు. మన జిల్లాలోనే ధనోరా తాలూకా మోహగావ్ గ్రామసభ 2019లో గోండీలో చదువు చెప్పే బడి పెట్టుకున్నది. మనం తెలుగుకు కోరే న్యాయమే పక్క గూడెంలోని గోండు, మాడియా బిడ్డలకూ కోరాలి. లేకుంటే మన కోరికకు విలువ లేదు.

చట్టం మన పక్షాన ఉన్నది. 1956లో చేర్చిన రాజ్యాంగ 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెబుతున్నది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ మూడు విషయాలను వరుసగా పేర్కొన్నది: అన్వేషణ ద్వారా నేర్చుకోవడం, వీలైనంతవరకు మాతృభాషలో బోధన, భయం లేని చదువు. ఈ మూడూ పక్కపక్కన ఉండటం ఎంతో సబబు. మాట రాని చోట భయం ఉంటుంది, భయమున్న చోట అన్వేషణ ఉండదు.

మరాఠీ మీద మనకు ద్వేషం లేదు. మనం ఉన్న రాష్ట్రపు భాష అది, బతుకుతెరువు భాష కూడా. 2020 నాటి చట్టంతో రాష్ట్రంలోని బడులన్నిటా అది తప్పనిసరి పాఠ్యాంశమైంది. మన పిల్లలు దాన్ని బాగా నేర్వాలి. తెలుగు అడిగేది చదువును తేలిక చేయమని కాదు. ఇంతకంటె గట్టి ప్రశ్నలను మా పిల్లలు అందుకోగలరు, వాటిని అర్థమయ్యే మాటల్లో అడగండి అని మన విన్నపం.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోవద్దు. తల్లులారా, తండ్రులారా, రోజూ రాత్రి ఒక్క ప్రశ్న తెలుగులో వేయండి. జవాబు తొందరపడి చెప్పకండి. తెల్లవారేదాకా బిడ్డను దానితో కుస్తీ పట్టనివ్వండి. అక్షరం రాని తల్లి కూడా ఈ పని చేయగలదు, పొడుపుకథలు ఆమె నోటనే ఉన్నాయి. ఉపాధ్యాయ మిత్రులారా, బిడ్డ తప్పు చేసినప్పుడు ఒక్క క్షణం ఆగి, అది లెక్కలో తప్పా, మాటలో తప్పా అని చూడండి. మాటలో తప్పయితే ఆ ప్రశ్ననే తెలుగులో మరొకసారి అడిగించండి. అలా తేలిన తప్పులను ఒక పుస్తకంలో రాసి ఉంచండి. అధికారుల ముందుకు వెళ్ళేనాడు మన విన్నపానికి ఆ పుస్తకమే బలం.