మోకాలి శస్త్రచికిత్సకు సన్నాహము



మోకాలి కీలు అరిగి, నాలుగు మెట్లెక్కుటయే గండముగా తోచు పెద్దలు మన కుటుంబములలో పలువురు కలరు. మందులును వ్యాయామమును గుణమీయనపుడు వారికి వైద్యులు కీలుమార్పిడి సూచింతురు. 1962లో ఇంగ్లండునందు జాన్ చార్న్‌లీ లోహమును, గట్టి ప్లాస్టిక్కును జతపరచి తుంటికీలు మార్పిడిని నమ్మదగిన చికిత్సగా నిలిపెను. ఆ బాటలోనే మోకాలి చికిత్సయు వృద్ధినొందెను. 2017 ఆగస్టులో మన ప్రభుత్వము కృత్రిమ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధరలు నిర్ణయించుటతో మధ్యతరగతివారికి కొంత వెసులుబాటు కలిగినది.

అయినను కీలు అమర్చుట వైద్యుని పని. దానితో నడచుట రోగి పని. ఈ రెండవ పనికి సన్నాహము కొన్ని వారముల ముందే ఇంటిలో ఆరంభము కావలెను.

మొదటిది దేహబలము. నొప్పికి వెరచి కదలక కూర్చున్నవారి తొడకండరములు క్షీణించును. మంచముపై కాలు చాచి, మోకాలి క్రింద చుట్టిన తువాలు నుంచి, దానిని అదిమిపట్టి ఐదు లెక్కించి వదలుట వంటి సులభ సాధనలు ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొనవచ్చును. వాకరు పట్టి నడచుటయు ముందే అభ్యసించుట మేలు.

రెండవది అంటు సోకకుండ జాగ్రత్త. అమర్చిన కీలునకు సూక్ష్మజీవులు పట్టినచో వదలించుట మిక్కిలి కష్టము. ఒక్కొక్కప్పుడు ఆ కీలునే తీసివేయవలసి వచ్చును. కావున మధుమేహము అదుపులోనికి రావలెను. పుచ్చిన పన్ను, కాలిపై పుండు, మూత్రములో మంట స్వల్పములని దాచరాదు. పొగ గాయమును త్వరగా మాననీయదు. దానిని కనీసము నాలుగు వారముల ముందే మానుట మంచిది. రక్తము పలుచబరచు మాత్రలు మొదలు ఇంటి కషాయముల వరకు వాడుచున్నవన్నియు వైద్యునకు చెప్పవలెను. ఏది ఎప్పుడు ఆపవలెనో ఆయనయే నిర్ణయించును.

మూడవది ఇల్లు. జారు చాపలు, కాలికి తగులు తీగలు తొలగించవలెను. చేతులుగల ఎత్తైన కుర్చీ, ఎత్తైన కమోడు, దానిప్రక్క గోడకు పట్టుకొను కడ్డీ, రాత్రి దీపము అమర్చుకొనవలెను. తొలి వారములలో ఎవరు సెలవు పెట్టి తోడుందురో ముందే నిశ్చయించుకొనవలెను. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమున చేరినవారు, ఏ ఆసుపత్రికి ఏ పత్రము కావలెనో తమ వెల్‌నెస్ కేంద్రమున ముందుగ విచారించినచో, చివరి దినమున ఫైలు పట్టుకొని తిరుగు బాధ తప్పును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మనస్సు. మరల పీటపై కూర్చుండి పూజ చేసికొందును, నేలపై బాసిపట్లు వేసికొని భుజింతును అను ఆశతో చికిత్సకు వచ్చు గృహిణులు కలరు. నొప్పి తగ్గి నడక మెరుగుపడును గాని, గొంతుకూర్చొనుట, నేలపై కూర్చుండుట చాలమందికి వైద్యులు వలదందురు. ఈ సంగతి ముందే తెలిసినవారు దేవుని మందిరమును ఎత్తున పెట్టించి ఎదుట కుర్చీ వేసికొందురు. తెలియనివారు నడచుచు కూడ చికిత్స విఫలమైనదని కుందుదురు. కావున తమ విషయమున ఏది సాధ్యమో, ఏది కాదో వైద్యుని ముందుగనే అడిగి తెలిసికొనవలెను.

చికిత్సనాడు సాధారణముగ ఘనాహారము ఆరు గంటలు, మంచినీరు రెండు గంటలు ముందే ఆపింతురు. ఆసుపత్రివారు చెప్పిన వేళయే ప్రమాణము. పలువురికి నడుమున సూది వేసి క్రింది భాగమును మాత్రమే మొద్దుబరతురు. ఆనాడో మరునాడో నిలబెట్టి నడిపింతురు. నొప్పి కొన్ని వారములు ఉండును. దానికి మందు అడుగుటకు సంకోచింపరాదు. కదలనిచో కీలు బిగుసుకొనును. పూర్తి ఫలితమునకు నెలలు పట్టును.

కుటుంబమువారికి కూడ ఒక మాట. "అమ్మా, నీవు లేవవద్దు, అన్నియు మేమే చేసెదము" అనుట ప్రేమయే గాని, ఆమె కాలికి అది మేలు చేయదు. ఆ తల్లికి వలసినది పట్టుకొని లేచుటకు ఒక చేయి, వరండాలో పది అడుగులు వేయుటకు ఒక తోడు.