ఇంటి బ్రేకరు నిజంగా పడుతుందా?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి, పెళ్లిళ్ల ఖర్చుల గురించి పెద్దలు చక్కగా సెలవిచ్చారు. మాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. మీ అందరి ఇళ్లలో గోడకు బిగించివున్న కరెంటు బోర్డు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కరెంటు పనిలోనే వయసంతా గడిపినవాళ్లమని మమ్మల్ని ఎన్నుకొని ఉంటారు. ఆ పని తెలిసి ఉండీ మేము చేసిన ఒక తప్పును ముందు ఒప్పుకొని, ఆ తర్వాత విషయానికి వస్తాం.

మా చిన్నమ్మాయి నికాహ్ ముందురోజు సాయంత్రం వాన పడింది. ఇంటినిండా చుట్టాలు. వాకిట్లో షామియానా, సీరియల్ లైట్లు. బోర్డులో ఆర్.సి.సి.బి. అనే పెద్ద బ్రేకరు మాటిమాటికీ పడిపోవడం మొదలుపెట్టింది. ఎత్తితే పడుతుంది, మళ్లీ ఎత్తితే మళ్లీ పడుతుంది. దేగ్‌ల దగ్గర వంటవాళ్లు చీకట్లో ఒకటే కేకలు. ఎలక్ట్రీషియన్ కుర్రవాడు, "చాచా, వాన వెలిశాక మెల్లిగా చూద్దాం. ఇప్పటికి డైరెక్టు ఇచ్చేయమంటారా?" అన్నాడు. "ఇచ్చెయ్ బేటా, నలుగురిలో పరువు పోతోంది" అన్నాం. ఇచ్చాడు. లైట్లు వెలిగాయి. పెళ్లి బాగా జరిగింది. మర్నాడు లైట్లు విప్పుతుంటే సీరియల్ సెట్టు అతుకు ఒకటి తడిసి, షామియానా ఇనుప గుంజకు ఆనుకొని కనబడింది. అంటే బ్రేకరు ఊరికే పడలేదన్నమాట. అప్పుడైనా మాకు బుద్ధి రాలేదు. డైరెక్టు సంగతి మరిచేపోయాం.

రెండేళ్లు గడిచాయి. మా పెద్దమ్మాయి కొడుకు, నాలుగేళ్లవాడు, తానూ వజూ చేస్తానంటూ పెరట్లోకి వచ్చి, తడికాళ్లతో నీళ్ల మోటారు పట్టుకున్నాడు. పిల్లవాడు అరవలేదు, చెయ్యి వదల్లేదు. వాళ్ల నానీ గమనించి, వాణ్ణి ముట్టుకోకుండా పరుగున పోయి మెయిన్ ఆపింది. అల్లాహ్ దయవల్ల బతికాడు. అరచేతిలో మచ్చ ఇవాళ్టికీ ఉంది.

ఆ సాయంత్రం బోర్డు ముందు నిలబడి బ్రేకరు మీద 'టి' అని రాసివున్న బటన్ నొక్కాం. టక్కున పడింది. పనిచేస్తూనే ఉందే అనుకున్నాం. తల తిప్పి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది! బ్రేకరు పడింది, ఇంట్లో కరెంటు మాత్రం పోలేదు. ఇంటికిపోయే తీగలు బ్రేకరును దాటి నేరుగా పోతున్నాయి. మోటారు ఎర్తు తీగ కూడా ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయింది.

ఇక విషయం. బోర్డులో రెండు రకాల బ్రేకర్లుంటాయి. వరుసగా కనబడే చిన్నవి ఎం.సి.బి.లు. వాటి పని తీగలు కాలకుండా చూడటం. లోపల రెండు లోహాలు అతికించిన బద్ద ఒకటుంటుంది. లోడు ఎక్కువైతే అది వేడెక్కి, వంగి, మీటను పడగొడుతుంది. ఇది కొంత నిదానంగా జరుగుతుంది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. సుమారు 18 ఆంపియర్లను గంటసేపైనా మోయాలి, 23 ఆంపియర్లు దాటితే గంటలోపు పడాలి. తీగా తీగా కలిసి షార్టయితే లోపలి కాయిల్ రెప్పపాటులో పడగొడుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనబడే 'సి' రకంలో అందుకు అయిదు నుంచి పదింతల కరెంటు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి.

మనిషిని చంపడానికి ఇంత కరెంటు అక్కరలేదు. ఆంపియరులో పదోవంతు కూడా ప్రాణం తీయగలదు. మనిషి గిలగిల కొట్టుకుంటున్నా ఎం.సి.బి.కి అది లోడే కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగొచ్చిందా లేదా అని అది లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు లెక్క తప్పితే సెకనులో మూడోవంతు కూడా పట్టకుండా పడిపోవాలి.

మరి పడుతుందని ఎలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి కదలని మీట లోపల దుమ్ము చేరుతుంది, గ్రీజు గట్టిపడుతుంది. పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ పసిఫిక్ అనే కంపెనీ 'స్టాబ్-లాక్' బ్రేకర్లు 1950ల నుంచి 1980ల దాకా లక్షల ఇళ్లలో బిగించారు. వాటి భద్రతా ముద్రను సరికాని పద్ధతుల్లో సంపాదించారని 1980లో ఆ కంపెనీని కొన్న సంస్థే బయటపెట్టింది. ప్రభుత్వ కమిషన్ దర్యాప్తు చేపట్టింది గాని, పరీక్షలకు నిధులు చాలవని 1983లో ముగించింది. ఆ రకం బోర్డులు ఇంకా ఉన్న పాత ఇళ్లున్నాయి. అక్కడ పాత ఇళ్లు కొనే మన పిల్లలకు ఈ మాట చేరవేయండి.

మనం చేయవలసింది ఇదీ. పగటిపూట, ఇంట్లో అందరికీ చెప్పి, కంప్యూటరు వంటివి ఆపి, కరెంటు ఉన్నప్పుడు 'టి' నొక్కండి. వెంటనే పడాలి. పడకపోతే అదేపనిగా నొక్కిపట్టకండి, ఆ బ్రేకరు మార్పించండి. పడితే అక్కడితో ఆగకండి. ఇన్వర్టరు కూడా ఆపి, గదిగదికీ పోయి చూడండి. గీజరు, మోటారు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ప్లగ్గులన్నీ ఆగాయా? ఏ ఒక్కటి ఆగకపోయినా దానికి ఆర్.సి.సి.బి. కాపలా లేదన్నమాటే. 'టి' బటన్ ఎర్తింగును పరీక్షించదని కూడా గుర్తుంచుకోండి. అది ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడాలి. బ్రేకరు ఎంత కరెంటుకు, ఎంత వేగంగా పడుతున్నదో కొలిచే మీటరూ ఉంది. అడిగి చూపించుకోండి.

ఎం.సి.బి.లకు పరీక్ష బటన్ లేదు. ఆరు నెలలకొకసారి ఒక్కొక్కటీ రెండు మూడుసార్లు వేసి తీయండి. మీట బిగుసుకోకుండా ఉంటుంది. అయితే లోడుకు పడుతుందని దానితో రుజువు కాదు. మీట నిలవకపోయినా, ఒళ్లు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా మార్చవలసిందే. తీగలు కలిపి షార్టు చేసి చూడటం, ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూడటం ఎవరూ చేయవద్దు. 16 మాటిమాటికీ పడుతోందని 32 బిగించవద్దు. పలచని తీగ కాలిపోయేదాకా ఆ 32 చూస్తూ ఊరుకుంటుంది.

ఎన్నాళ్లకొకసారి నొక్కాలి? కొన్ని కంపెనీలు నెలకొకసారి అంటాయి, కొన్ని ఆరు నెలలకు అంటాయి. మనకు గుర్తుండే లెక్క ఒకటుంది. నెలవంక కనబడిన మర్నాడు నొక్కండి.

పడుకోబోయేముందు దీపాలు ఆర్పమని, ఎలుక ఒత్తి లాక్కుపోయి ఇల్లు తగలబెట్టవచ్చునని మన ప్రవక్త (స) హెచ్చరించినట్టు హదీసుల్లో ఉంది. ఒత్తి దీపం పోయి కరెంటు వచ్చింది. ఇంటివాళ్లను కాచుకునే బాధ్యత మాత్రం అలాగే ఉంది.

కమిటీవారికి ఒక్క మనవి. మన మస్జిదు వజూఖానా మోటారును, షాదీఖానా బోర్డును ముందు చూపించండి. ఆర్.సి.సి.బి. పెట్టించుకునే స్తోమత లేని ఇళ్లు, ముఖ్యంగా వితంతువుల ఇళ్లు, మన సంఘంలో ఉన్నాయి. ఆ ఖర్చు సంఘం భరించాలని కోరుతున్నాం. మొదటి రెండు ఇళ్లకు సామాను మేమిస్తాం, దగ్గరుండి బిగిస్తాం.

ఇంటికి పోగానే బోర్డు మూత తీసి ఆ 'టి' ఎక్కడుందో చూడండి. రేపు పొద్దున నొక్కండి. నొక్కాక ఫ్యాను వంక చూడటం మరవకండి.