ఒక్క మెతుకు న్యాయము

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. వంటయింట ఈ మాట నిజమే. బియ్యమొకటి, ఎసరొకటి, మంట యొకటి. కావున ఒక మెతుకు తక్కినవాని సంగతి చెప్పగలదు. కాని మనము ఈ న్యాయమునే మనుష్యులకును వర్తింపజేయుచుందుము. ఒక ఊరివాడు అప్పెగవేసినచో ఆ ఊరివారెవ్వరును మాట నిలుపరందుము. ఒక కులమువారు పిసినారులనియు, ఒక సీమవారు కోపిష్ఠులనియు నిశ్చయింతుము. ఇట్టి నిర్ణయములు శాస్త్రపరీక్షకు నిలుచునా యని విచారింతము.

సమూహములను గూర్చి శాస్త్రము ఏమియు చెప్పదనుట సరికాదు. పురుషుల సగటు ఎత్తు స్త్రీల సగటు ఎత్తుకంటె హెచ్చు. ఇది కొలిచి చెప్పిన మాట. అయినను పెక్కుమంది పురుషులకంటె పొడవైన స్త్రీలు మన వీధిలోనే కనబడుదురు. సగటు సమూహమునకు చెందినది. దానినిబట్టి ఒక వ్యక్తి యెత్తును నిశ్చయింపలేము. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అను జన్యుశాస్త్రజ్ఞుడు రక్తమునకు సంబంధించిన జన్యువులను పరిశీలించి, మానవులలోని వైవిధ్యమున సుమారు 85 శాతము ఒక్కొక్క జనసమూహము లోపలనే కలదని చూపెను.

కావున ఒక సమూహమును గూర్చి యెవరేమి చెప్పినను మూడు ప్రశ్నలు వేయవలెను. ఎందరిని చూచి చెప్పుచున్నారు? వారి నెట్లు ఎన్నుకొనిరి? కనబడిన భేదమునకు కారణమేమి?

ఈ ప్రశ్నలు వేయక చేసిన నిర్ణయము చట్టమైనచో ఏమగునో మన చరిత్రయే చెప్పుచున్నది. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రభుత్వము ప్రకటించినచో, ఆ ప్రకటనను న్యాయస్థానము ప్రశ్నింపరాదు. నమోదైనవారు వేలిముద్రలీయవలెను, పోలీసులకు హాజరు చెప్పుకొనవలెను. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము ఎరుకలవారిని ఉంచుటకై ఏర్పడిన అట్టి సెటిల్‌మెంటే.

పోలీసు లెక్కలు ఇందుకు ఆధారము గదా యని కొందరనవచ్చును. కాని రేయింబవళ్లు ఎవరిపై నిఘా యుండునో వారే ఎక్కువగా పట్టుబడుదురు. పట్టుబడిరి గనుక నిఘా మరింత హెచ్చును. హద్దులు విధింపబడినవాడు చీటి లేక పొలిమేర దాటుటయే నేరమైనపుడు, చుట్టము చావునకు పోయినవాడును నేరస్థుల లెక్కలో చేరును. ఇక కారణము మాట. ఎరుకలవారిలో పలువురు సముద్రతీరపు ఉప్పును పశువులపై లోపలి సీమలకు మోసి అమ్ముకొని బ్రదికినవారు. ఉప్పుపై సర్కారు గుత్తాధికారము, రైలుమార్గములు వచ్చి ఆ వర్తకము చెడినది. అధికారులు పుట్టుకను చూచిరి గాని, పోయిన బ్రదుకుతెరువును చూడరైరి.

1952లో ఆ చట్టము రద్దయ్యెను. అనుమానము మాత్రము దానితో పోలేదు. అట్టి ఊళ్ల పేరు విన్నంతనే ముఖము చిట్లించువారు నేటికిని కలరు.

ఇల్లు అద్దెకిచ్చునపుడు, పనికి కుదుర్చుకొనునపుడు, "వాళ్లంతా ఇంతే" అను మాట మన నోటికి వచ్చుచుండును. అపుడు ఆ మూడు ప్రశ్నలు మనలను మనమే వేసికొందము. వానికి సమాధానము దొరకకున్నచో, వచ్చినవానిని వాని నడవడినిబట్టియే ఎరుగుదము.