పండుగనాటి ఓటమి



ఫుట్‌బాల్ సీజన్ ఆరంభమగుటకు ముందు పేరుగల క్లబ్బులు ఇతర జట్లను ఆహ్వానించి చిన్న పోటీలు జరుపుట వాడుక. క్లబ్బు పుట్టినరోజు పండుగ కూడ కలిసివచ్చినచో ఆ సందడి ఇంతింత కాదు. ఇట్టి పోటీలలో ఓడినను లీగు పాయింట్లు పోవు. గెలిచినను స్థానము పెరుగదు. మరి వీని ప్రయోజనమేమని కొందరు మమ్మడుగుచుందురు. అందుకు సమాధానముగా స్పెయిన్ దేశపు ముచ్చట ఒకటి మనవి చేసెదము. అది సీజన్ నడుమ జరిగినదైనను, ఇట్టి ఆహ్వానపు పోటీయే.

1902 మార్చి 6వ తేదీన వెలసిన రియల్ మాడ్రిడ్ క్లబ్బునకు 1952లో ఏబదియేండ్లు నిండెను. అప్పటికి ఆ జట్టు స్పెయిన్ లీగును గెలిచి పందొమ్మిదేండ్లయినది. పెద్ద మైదానమున్నది, ప్రేక్షకులున్నారు. విజయము మాత్రము లేదు. అధ్యక్షుడు సాంటియాగో బెర్నబేయు స్వర్ణోత్సవమునకు స్వీడన్ నుండి నార్‌షోపింగ్ జట్టును, కొలంబియా రాజధాని బొగొటా నుండి మిల్యొనారియోస్ జట్టును రప్పించెను. వచ్చిన చుట్టము మొగమాటపడలేదు. మిల్యొనారియోస్ జట్టు ఇంటివారిని 4-2 గోల్స్‌తో ఓడించెను. ఆ జట్టున ఆల్ఫ్రెడో డి స్టెఫానో అను అర్జెంటీనా యువకుడుండెను. తన గోలు కడ బంతిని అడ్డగించువాడు, నడిమైదానమున అందించువాడు, ఎదుటి గోలులో వేయువాడు, మూడును అతడే!

మాడ్రిడ్ వారు చిన్నబుచ్చుకొని ఊరకుండలేదు. తమ కొరత యేమో ఆనాడు వారికి కన్నులకు కట్టినది. అయితే బార్సిలోనా క్లబ్బు కూడ అతనిని కోరెను. అది అర్జెంటీనాలోని రివర్‌ప్లేట్ క్లబ్బుతోను, మాడ్రిడ్ మిల్యొనారియోస్‌తోను ఒప్పందము చేసికొనెను. 1953లో స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య, అతడు ఒక్కొక్క సీజన్ ఒక్కొక్క క్లబ్బున ఆడవలెనని తీర్పు చెప్పగా, బార్సిలోనా తప్పుకొనెను. ఆ తగవును గూర్చి రెండు నగరములవారు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.

తరువాతి కథ లోకవిదితము. 1954లో మాడ్రిడ్‌కు లీగు దక్కెను. 1956 మొదలు 1960 వరకు యూరోపియన్ కప్పు వరుసగా ఐదుమార్లు ఆ క్లబ్బుదే. ఐదు ఫైనల్స్‌లోను డి స్టెఫానో గోల్ చేసెను. 1960లో గ్లాస్గో నగరమున ఫ్రాంక్‌ఫర్ట్ జట్టుపై 7-3తో గెలిచినపుడు అందు మూడు అతనివి.

బలహీనులను పిలిచి గెలిచిన పండుగ ఆ పూటతోనే ముగియును. బలవంతుని పిలిచి ఓడిన పండుగ కొన్నియేండ్లు పాఠము చెప్పును. మన ఊళ్ల క్లబ్బులు వార్షికోత్సవములు జరుపుకొనునపుడు, దండలతోపాటు తమకంటె మిన్నయైన జట్టును గూడ సిద్ధము చేసికొనవలెనని మా మనవి.