డిసెంబర్‌లో రెండు బస్సులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చింది పది నిమిషాలు. రెండు నెలల కిందట మన వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వేశాను. "పుస్తకాల పండక్కి ఎప్పుడైనా వెళ్లారా? వెళితే ఏం గుర్తుంది?" అని. శుభోదయం బొమ్మలు తప్ప ఇంకేమీ పెట్టని వాళ్లు కూడా పేజీలకు పేజీలు రాశారు. వాటిలో కొన్ని చెప్పి, చివర ఒక కోరిక అడిగి దిగిపోతాను.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ 1980ల మధ్యలో మొదలైంది. నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో చూసినవాళ్లున్నారు, నెక్లెస్ రోడ్డులో చూసినవాళ్లున్నారు. ఇప్పుడు చాలా ఏళ్లుగా ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతోంది. మనలో పెద్దవాళ్లకు అంతకు ముందే విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ తెలుసు. రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పిల్లల పుస్తకాలు, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ధర చూస్తే రూపాయో రెండో. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి.

మన జూనియర్ ఒకాయన, ఇప్పుడు డాక్టరు, ఏం రాశారంటే: మూడేళ్ల కిందట బుక్ ఫెయిర్‌లో "మంచి పుస్తకం" వాళ్ల స్టాలు ముందు నిలబడ్డారట. మన పక్కనే తార్నాకలో ఉన్న సంస్థే అది, ఆ పాత రష్యన్ పిల్లల పుస్తకాలు కొన్నింటిని మళ్లీ అచ్చువేసింది. ఈయన ఒక పుస్తకం మీద చెయ్యి వేసేసరికి అవతలి నుంచి ఇంకో చెయ్యి దాని మీదే పడింది. చూస్తే తెల్లజుట్టు పెద్దమనిషి. "మీరూ చిన్నప్పుడు ఇది చదివారా?" అన్నాడట ఆయన. ఇద్దరూ బయటికొచ్చి టీ తాగుతూ గంటసేపు మాట్లాడుకున్నారు. పేర్లు అడగడం ఇద్దరూ మరిచిపోయారు. ఆ గంట గురించి డాక్టరుగారు రెండు పేజీలు రాశారు. పుస్తకం గురించి రెండు వాక్యాలు.

ఇదే నాకు ఆశ్చర్యం వేసింది. దాదాపు ఎవ్వరూ కొన్న పుస్తకం పేరుతో మొదలుపెట్టలేదు. బెజవాడ కోడలైన మన అక్కయ్య ఒకామె అక్కడి పండగ గురించి రాశారు. అది 1989లో మొదలైన పండగ, చాలా ఏళ్లు జనవరి 1 నుంచి 11 దాకా స్వరాజ్య మైదానంలో జరిగింది. ఆమె స్టాళ్ల గురించి చెప్పలేదు. పుస్తకాల కోసం ఏటా చేసే పాదయాత్ర గురించి రాశారు. "పెళ్లయ్యాక బయట ఒక గుంపులో నా ఇష్టంతో నేను నడిచింది అదే మొదటిసారి" అన్నారు. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఇక కామిక్ కాన్. తెలియని పెద్దల కోసం చెబుతున్నాను: బొమ్మల కథలు, జపాన్ కార్టూన్లు ఇష్టపడే పిల్లలు ఆ పాత్రల వేషాలు వేసుకుని చేరే జాతర. మనదేశంలో 2011లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్‌కూ వచ్చింది. ఎక్కువగా హైటెక్స్‌లో పెడతారు, మన ఏ.ఎస్. రావు నగర్ నుంచి చూస్తే ఊరికి అవతలి కొస. నా క్లాస్‌మేట్ కూతురు టెన్త్ చదువుతోంది. చుట్టాల పెళ్లిళ్లలో ఎవరు పలకరించినా తల దించుకునే పిల్ల. రెండు నెలలు కూర్చుని ఫోమ్ షీట్లతో కవచం, కత్తి తయారు చేసుకుంది. అది వేసుకుని బయల్దేరుతుంటే నాయనమ్మ అందిట, "మా ఊళ్లో పగటివేషగాళ్లొస్తే మేమే బియ్యం పోసేవాళ్లం, మీరు వేషమూ వేసి టికెట్టూ కొంటున్నారా?" అని. అక్కడికెళ్లాక ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ పిల్లను పాత్ర పేరుతో పిలిచారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. సాయంత్రం దాకా ఆ పిల్ల నోరు మూయలేదని వాళ్ల నాన్న రాశాడు.

నా మాటగా చెప్పాలంటే, కామిక్ కాన్‌లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. టికెట్టు ఖరీదు, టీషర్టులు, బొమ్మలు, సగం అంగడే. బుక్ ఫెయిర్‌కి పది రూపాయలిచ్చి లోపలికెళ్లిన నాలాంటివాడికి మనసు ఒప్పదు. అయినా ఆ పిల్లకు దొరికిందీ డాక్టరుగారికి దొరికిందీ ఒకటే. తను ఒంటరిగా ఇష్టపడింది ఇంకొకరికీ ఇష్టమని కళ్లారా తెలియడం. ఆన్‌లైన్‌లో పుస్తకం ఇంకాస్త చవగ్గా, ఇంటికే వస్తుంది. ఆ రెండో చెయ్యి మాత్రం రాదు.

ఇప్పుడు మన బడి సంగతి. మొన్న టీచర్లను అడిగాను. లైబ్రరీ పీరియడ్ లెక్కల పీరియడ్ అయి చాలా కాలమైంది. బీరువా తాళం ఎక్కడుందో వెతికి తెచ్చారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని అడిగితే, బుక్ ఫెయిర్ చూసినవాళ్లు రెండు చేతుల వేళ్లకు సరిపోయారు. ఇక్కడి నుంచి మౌలాలి, తార్నాక, విద్యానగర్ మీదుగా వెళితే పది, పదిహేను కిలోమీటర్లు.

స్వర్ణోత్సవ నిధితో గేటుకు ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోంది. మిత్రులు కోపగించుకోకూడదు. ఆర్చి కొంచెం చిన్నది కట్టుకుందాం. తొమ్మిదో తరగతి పిల్లలు 80 మంది. తలా 300 రూపాయలంటే 24,000. బస్సులు స్కూలువే, డీజిల్ మనం పోయిద్దాం. ఏటా డిసెంబర్‌లో ఒక పూట.

రెండు షరతులు. ఒకటి, పిల్లలకు డబ్బు చేతికివ్వాలి, పుస్తకాలు మనం కొనిపెట్టకూడదు. జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వ వికాసం మనమే ఏరి ఇస్తే అవి కూడా బీరువాలోకే పోతాయి. బొమ్మల పుస్తకం కొనుక్కున్నా, దయ్యాల కథలు కొనుక్కున్నా ఎవరూ ఏమీ అనకూడదు. రెండోది, లోపల పిల్లల్ని వరసలో నడిపించకూడదు. గేటు దగ్గర ఒక టైము చెప్పి వదిలేయాలి. మాస్టార్లకు ఇది భయమని తెలుసు. అందుకే ప్రతి పదిమంది పిల్లలకూ మనలో ఒకరు చొప్పున ఎనిమిదిమంది వెంట వెళదాం, స్టాళ్ల మధ్యే తిరుగుతూ ఒక కన్నేసి ఉంచుదాం.

నేను వస్తాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు. బెజవాడ అక్కయ్య ఆ రోజుకు బయల్దేరి వస్తానన్నారు. ఇంకా ఐదుగురు కావాలి. టీ బల్ల పక్కన నోటుబుక్ పెట్టాను. పేరు, బ్యాచ్, ఫోన్ నంబరు రాసి వెళ్లండి.